పల్లెను గీసిన చిత్రకారులను తోటివారితో కలిసి చూడటం ఎలా?

మీ ప్రశ్న సారాంశం ఇది. నలుగురైదుగురు మిత్రులు కరీంనగర్‌లో ఆదివారాల్లో ఒకచోట చేరి బొమ్మలు వేసుకుంటున్నారు. అందరికీ పల్లె జీవితమే ఇష్టమైన వస్తువు. అయితే ఎంత శ్రద్ధగా వేసినా ప్రతి బొమ్మా ఎప్పుడో గోడమీద చూసిన క్యాలెండరు బొమ్మనే గుర్తుకు తెస్తోంది. పల్లెను గీసిన పెద్ద చిత్రకారులను అందరూ కలిసి అధ్యయనం చేస్తే ప్రేరణ కలుగుతుందా, ఎవరితో మొదలుపెట్టాలి, వారి ప్రభావంలో పడి సొంత ముద్ర పోగొట్టుకునే ప్రమాదం లేదా అని అడిగారు. చాలాకాలంగా చిత్రలేఖనం నేర్పుతూ, ఇలాంటి బృందాలతో కూర్చుంటూ వచ్చినవాడిగా నాకు తెలిసినది వివరంగా చెబుతాను.

ప్రేరణ తప్పకుండా కలుగుతుంది, కానీ దానికి ఒక షరతు ఉంది. ఆ చిత్రకారులు ఏమేమి గీశారో చూసి వాటిని మన కాగితం మీదికి తెచ్చుకోవడానికి కాకుండా, పల్లెను గీయబోయినప్పుడు ఒక్కొక్కరికి ఎదురైన చిక్కు ఏమిటి, దాన్ని ఏ రేఖతో, ఏ రంగుతో, ఎలాంటి కూర్పుతో విప్పుకున్నారు అని వెతకడానికి చూడాలి. క్యాలెండరు బొమ్మలో ఎడ్లబండి, తాటిచెట్టు, నెత్తిన కడవ పెట్టుకున్న అమ్మాయి, వెనుక అస్తమించే సూర్యుడు అన్నీ ఉంటాయి. అయినా ఆ కడవకు బరువు ఉండదు, దాన్ని మోస్తున్న మెడకు శ్రమ ఉండదు, ఆ బండి ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నదో బొమ్మ వేసినవారికే తెలియదు. గీసేటప్పుడు ఏ చిక్కూ ఎదురుకాని బొమ్మలో చూసేవారి కన్ను కూడా ఎక్కడా ఆగదు. ఇక తోటివారు ఎందుకంటే, ఒంటరిగా చూసేటప్పుడు ఎవరి కన్నైనా తనకు అలవాటైన చోటికే పోతుంది. రంగు మీద మక్కువ ఉన్నవారు రంగునే చూసి సంతృప్తి పడతారు, ముఖాలు గీయడం చేతనైనవారు ముఖాలనే చూస్తారు. పక్కన ఇంకొకరు కూర్చుని, ఆ పాదం నేలమీద ఎలా ఆనిందో చూశారా అని అడిగినప్పుడు గానీ, అంతసేపూ మనం ఆ పాదాన్ని చూడనే లేదని తెలియదు.

నేను ఎప్పుడూ ఫ్రెంచి చిత్రకారుడు జాఁ ఫ్రాన్స్వా మిలే 1857లో వేసిన పరిగె ఏరుకునే స్త్రీల చిత్రంతో మొదలుపెట్టమంటాను. దూరదేశపు చిత్రంతో ఎందుకు మొదలుపెట్టాలని మీ మిత్రుల్లో ఎవరైనా అడగవచ్చు. కోత అయిపోయిన చేలో రాలిన వెన్నులను ఏరుకుని పొట్ట పోసుకోవడం మన ఊళ్లలో పెద్దవాళ్లకు బాగా తెలిసిన సంగతే కాబట్టి వస్తువు మనకు పరాయిది కాదు. చిత్రం మాత్రం మనకు అలవాటైన క్యాలెండరు ధోరణికి పూర్తిగా దూరం. ముందుభాగంలో ముగ్గురు స్త్రీలు ఉన్నారు. ఇద్దరు నడుము వంచి నేలమీది వెన్నులను అందుకుంటున్నారు, మూడవ ఆమె సగం వంగి చేతిలోని పనలను సర్దుకుంటున్నది. వంగిన ఆ ఇద్దరి వీపులూ దిగంతరేఖకు కిందనే ఉండిపోతాయి. ఆకాశంలోకి లేచే అవకాశం ఆ శరీరాలకు చిత్రకారుడు ఇవ్వలేదు. వెనుక దూరంగా, వెలుతురులో, పెద్ద కుప్పలు, పంట నింపుతున్న బండి, కోత కూలీల గుంపు, కుడివైపున గుర్రం మీద పెత్తందారు కనిపిస్తారు. పంట అంతా అక్కడ ఉంది, రాలిన గింజలు ఇక్కడ ఉన్నాయి. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఆ చిత్రానికి వస్తువు. ఒక్క కన్నీటి చుక్క గీయకుండా, ఒక్క ముఖాన్నీ స్పష్టంగా చూపించకుండా, కేవలం కూర్పుతో మిలే ఆ మాట చెప్పగలిగాడు. ఫ్రాన్స్‌లో రాచరికాన్ని కూలదోసిన 1848 విప్లవం జరిగి పదేళ్లు కూడా కాని రోజుల్లో పారిస్‌లో సలోన్ అనే అధికారిక కళా ప్రదర్శనకు వచ్చిన సంపన్న వర్గాలకు ఈ చిత్రం కలవరం కలిగించిందంటే కారణం ఇదే.

తలగుడ్డల రంగులు కూడా గమనించండి: ఒకటి నీలం, ఒకటి ఎరుపు, ఒకటి పసుపు ఛాయ. మిగిలిన చిత్రమంతా మట్టిరంగులో మునిగి ఉండగా ఈ మూడు రంగులే మన చూపును ఒకరినుంచి మరొకరి మీదికి నడిపిస్తాయి. మిలే నార్మండీ ప్రాంతపు రైతు కుటుంబంలో పుట్టి, చిన్నతనంలో పొలం పని చేసినవాడు. 1849లో పారిస్ వదిలి ఫౌంటెన్‌బ్లో అడవి అంచున ఉన్న బార్బిజాన్ అనే ఊరికి వెళ్లి చివరిదాకా అక్కడే ఉన్నాడు. పొలంలో నిలబడి రంగులు వేయడం కన్నా, చూసి వచ్చి, చిన్న చిన్న గీతల సాయంతో ఇంట్లో జ్ఞాపకం నుంచి చిత్రించడమే ఆయన పద్ధతి. మీ బృందానికి ఇది చాలా ముఖ్యం. జ్ఞాపకం అనవసరమైన వాటిని తనంతట తానే రాల్చేస్తుంది. ఎదురుగా ఫోటో పెట్టుకుని వేసేవారికి ఆ వడపోత దొరకదు.

ఈ సంగతినే మొదటి అభ్యాసంగా మార్చుకోవచ్చు. ఒక చిత్రాన్ని ఎదురుగా పెట్టుకుని పావుగంటసేపు ఎవరూ మాట్లాడకుండా చూడండి. ఆ తరువాత చిత్రాన్ని మూసేసి, ఎవరికి వారు బొగ్గుతోనో పెన్సిల్‌తోనో గుర్తున్నంత గీయండి. అందంగా ఉండవలసిన పని లేదు, ముక్కూ కన్నూ అక్కరలేదు. ఏ ఆకారం ఎక్కడ ఉంది, ఎంత పెద్దది, ఎటు వంగింది అన్నంతవరకు చాలు. తరువాత ఆ కాగితాలన్నీ వరుసగా పరచి అసలు చిత్రంతో పోల్చండి. ఒకరు గుర్రం మీది మనిషిని పూర్తిగా మరిచిపోయి ఉంటారు, ఇంకొకరు దిగంతరేఖను బాగా కిందికి దించేసి స్త్రీలను ఆకాశంలో నిలబెట్టి ఉంటారు, మరొకరు మూడవ ఆమెను కూడా మిగిలిన ఇద్దరిలాగే వంచేసి ఉంటారు. ఎవరు ఏది మరిచిపోయారో చూస్తే వారి కన్ను ఎక్కడ నిద్రపోతుందో తెలుస్తుంది, అది మీ అందరి ముందూ తెలుస్తుంది కాబట్టి మనసులో నాటుకుంటుంది. ఇది నేను కల్పించిన పద్ధతి కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో పారిస్‌లో లెకాక్ ద బ్వాబోద్రాఁ అనే అధ్యాపకుడు జ్ఞాపకం నుంచి గీయడాన్నే చదువులో కేంద్రంగా పెట్టి శిష్యులను తయారుచేశాడు. పంట కోసినవారు కూలి డబ్బు అందుకునే దృశ్యాన్ని 1882లో గొప్పగా చిత్రించిన లియాఁ లెర్మిత్ ఆయన శిష్యుడే. ఆ చిత్రం దొరికితే అందులో పని ముగించి కూర్చున్న మనిషిని మీ రెండవ ఆదివారానికి ఉంచుకోండి. అలసట అనేది భుజాల్లో, మోకాళ్ల మీద వదిలేసిన చేతుల్లో ఎలా కనిపిస్తుందో దానికంటే స్పష్టంగా చూపే చిత్రాలు అరుదు.

ప్రభావంలో పడి సొంత ముద్ర పోతుందేమోనన్న మీ భయానికి డచ్చి చిత్రకారుడు వాన్ గో జీవితమే పెద్ద సమాధానం. మిలేను ఆయన ఆరాధించినంతగా మరెవరూ ఆరాధించి ఉండరు. 1889, 1890 సంవత్సరాల్లో సాఁ రెమీ చికిత్సాలయంలో ఉన్నప్పుడు మిలే చిత్రాల నలుపు తెలుపు అచ్చు ప్రతులను ముందు పెట్టుకుని ఇరవై దాకా రంగుల చిత్రాలు వేశాడు. విత్తేవాడు, గొర్రెల ఉన్ని కత్తిరించే స్త్రీ, పనలు కట్టే మనిషి, చెట్టు నీడలో మధ్యాహ్నం కునుకు తీస్తున్న జంట అందులో ఉన్నాయి. ఇది నకలు కాదని, ఇంకొకరి సంగీతాన్ని వాయించే విద్వాంసుడు తన మనోధర్మాన్ని కలిపినట్టే తానూ చేస్తున్నానని తమ్ముడు తియోకు రాసిన ఉత్తరంలో వివరించాడు. ఆకారం మిలేది, రంగు పూర్తిగా వాన్ గోది. అవి చూసిన ఎవరూ వాటిని మిలే చిత్రాలని పొరబడరు. రంగులేని అచ్చు ప్రతిని ఎంచుకోవడంలోనే ఉపాయం ఉంది: మీరు కూడా మీకు నచ్చిన చిత్రాన్ని నలుపు తెలుపుల్లో ముద్రించుకుని, రంగు మీ ఊరి మట్టినుంచి, మీ ఊరి ఎండనుంచి తెచ్చుకోండి. ఒకే ప్రతిని అందరూ తీసుకుని, ఒకరి రంగులు ఒకరు చూడకుండా వేసి, చివరికి పక్కపక్కన పెడితే మీ నలుగురి స్వభావాలూ ఎంత వేరో మీకే తెలుస్తుంది.

దీనికి తోడు 1888లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. బ్రిటనీ ప్రాంతంలోని పోంతావెన్‌లో యువ చిత్రకారుడు ఎమిల్ బెర్నార్ తెల్లని తలపాగల్లాంటి టోపీలు పెట్టుకున్న పల్లె స్త్రీలను పచ్చిక మీద, నీడలు లేకుండా, చదునైన రంగుల్లో, ముదురు రేఖల మధ్య చిత్రించాడు. అదే ఊళ్లో ఉన్న మరో చిత్రకారుడు గొగాఁ ఆ చిత్రాన్ని చూశాడు, తన చిత్రమొకటి ఇచ్చి దాన్ని తీసుకున్నాడు, ప్రార్థన ముగించుకుని వచ్చే బ్రిటనీ స్త్రీలతో తన ప్రసిద్ధ చిత్రాన్ని ఆ వేసవిలోనే వేశాడు. ఆ శరదృతువులో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో వాన్ గో ఇంటికి వెళ్లినప్పుడు బెర్నార్ చిత్రాన్ని వెంట తీసుకుపోయాడు. అక్కడ వాన్ గో దాన్ని నీటిరంగుల్లో తిరిగి వేశాడు. ఒకే పల్లె దృశ్యం ముగ్గురి చేతుల్లో తిరిగింది. వీరిలో ఎవరూ ఎవరికీ అనుచరుడుగా మిగిలిపోలేదు. అయితే ఆ ఆలోచన ముందు ఎవరిదన్న విషయంలో బెర్నార్‌కూ గొగాఁకూ తరువాత తీవ్రమైన విరోధం వచ్చింది. మీ బృందంలో ఒకరి ఊహను ఇంకొకరు వాడుకున్నప్పుడు ఆ మాటను అందరి ముందూ చెప్పుకోవడం, చిత్రం వెనుక ఎవరి చిత్రం చూసి వేసినదో రాసిపెట్టుకోవడం మొదటినుంచే అలవాటు చేసుకోండి. స్నేహాలు నిలబడతాయి.

విమర్శ విషయం కూడా ఇక్కడే చెప్పడం మంచిది. 1884-85 చలికాలమంతా వాన్ గో న్యూనెన్ అనే ఊళ్లో రైతుల తలలను నలభై దాకా చిత్రించి, ఆ తరువాత గానీ బంగాళాదుంపలు తింటున్న కుటుంబం చిత్రానికి పూనుకోలేదు. ఏ చేతులతో పళ్లెంలోంచి తింటున్నారో ఆ చేతులతోనే వారు నేలను తవ్వారని చూపించాలన్నది ఆయన పట్టుదల. దాని లితోగ్రాఫ్ (రాతి అచ్చు) ప్రతిని మిత్రుడు వాన్ రాపార్డ్‌కు పంపితే, చేయి పొట్టిగా ఉందని, ముక్కు సగమే ఉందని, ఇంత నిర్లక్ష్యంగా వేయడానికి మిలే పేరు ఎలా తలుస్తావని కటువుగా జవాబు వచ్చింది. వాన్ గో ఆ ఉత్తరాన్ని తిప్పి పంపేశాడు, చాలా ఏళ్ల స్నేహం కొన్ని నెలల్లోనే ముగిసిపోయింది. రాపార్డ్ చూసిన లోపాలు ఆ చిత్రంలో నిజంగానే ఉన్నాయి. అయితే ఆ చిత్రం ఏ ప్రయత్నం చేస్తున్నదో ఆయన అడగలేదు. కాబట్టి మీ బృందంలో ఒక కట్టుబాటు పెట్టుకోండి: ఎదుటివారి చిత్రంలో తప్పు చెప్పే ముందు, ఈ చిత్రం ఏమి చెప్పబోతున్నదని నాకు అనిపిస్తున్నదో అది చెప్పాలి. వేసినవారు అది విని ఔననో కాదనో అన్న తరువాతే చేయి పొడవు గురించి మాట్లాడాలి. ఈ వరుస తప్పితే ఎంత మంచి బృందమైనా పొగడ్తల సభగానో తగవులాటగానో మారిపోతుంది.

నెదర్లాండ్స్ చిత్రకారుడు పీటర్ బ్రూగెల్‌ను కూడా ఒక పూట చూడండి. 1565 నాటి ఆయన కోత చిత్రంలో సగంమంది కొడవళ్లతో పనిలో ఉండగా, మిగిలినవారు చెట్టుకింద కూర్చుని తింటుంటారు, ఒకడు కాళ్లు చాపి వెల్లకిలా పడి నిద్రపోతుంటాడు. ఎవరూ మనకోసం నిలబడి చూడటం లేదు. ఆయన తన మిత్రుడు ఫ్రాంకెర్ట్‌తో కలిసి రైతుల వేషం వేసుకుని పల్లె పెళ్లిళ్లకు, తిరునాళ్లకు వెళ్లేవాడని చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వాన్ మాండర్ 1604లో రాశాడు. అది పూర్తిగా నిజమో కాదో గానీ, ఇద్దరు కలిసి వెళ్లడంలోని లాభం మాత్రం నిజం: ఒకరు మాటలు కలుపుతుంటే ఇంకొకరు చూడగలుగుతారు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ అసలు బలం ఇక్కడే ఉంది. 1938లో గుజరాత్‌లోని హరిపురలో కాంగ్రెస్ మహాసభ జరిగినప్పుడు గాంధీజీ కోరిక మీద నందలాల్ బోస్ పల్లె జనాన్ని వస్తువుగా తీసుకుని చిత్రాల వరుస ఒకటి తయారుచేశారు. చేతి తయారీ కాగితం మీద టెంపెరా (జిగురు కలిపిన) రంగులతో రైతు, దర్జీ, చెప్పులు కుట్టేవాడు, డోలు వాయించేవాడు, దంపుతున్న స్త్రీ, ఎద్దును అదుపు చేస్తున్న మనిషి వంటి ఎనభైకి పైగా చిత్రాలను ఆయన స్వయంగా వేశారు. శాంతినికేతన్ కళాభవన విద్యార్థులు వాటినుంచి మరెన్నో ప్రతులు తయారుచేశారు. ఇవి కళాప్రదర్శనశాల కోసం వేసినవి కావు. ఎండలో, దుమ్ములో, నడుస్తూ పోయే వేలమంది రైతులు ఒక్క చూపులో పోల్చుకోవాలి. అందుకే వెనుక దృశ్యాలు లేవు, కమాను ఆకారపు చట్రంలో ఒకటి రెండు ఆకారాలే, కుంచెను ఎత్తకుండా లాగినట్టుండే రేఖలే ఉన్నాయి. పనిచేసే శరీరాన్ని నాలుగైదు గీతల్లో ఎలా పట్టుకోవాలో నేర్చుకోవడానికి మనకు ఇంతకన్నా మంచి పాఠ్యగ్రంథం లేదని నా అభిప్రాయం. వాటిలో చాలా చిత్రాలు ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఉన్నాయి, ప్రతులు తేలికగానే దొరుకుతాయి. అందరూ కలిసి ఒక్కో చిత్రాన్ని లావు కుంచెతో, పెన్సిల్ గుర్తులు పెట్టుకోకుండా, పదే పదే వేయండి.

తెలంగాణలో అయితే ముగ్గురిని పక్కపక్కన పెట్టి చూడమంటాను. సిద్దిపేటలో 1925లో పుట్టి, అక్కడే లలిత కళా సమితిని నెలకొల్పి, 2012లో కన్నుమూసిన కాపు రాజయ్య గారు బోనాలు, బతుకమ్మ, కోలాటం వంటి వేడుకలను, వడ్డెర మహిళ వంటి శ్రమజీవులను జానపద చిత్రకళ నుంచి ఎదిగిన అలంకార రేఖలో నిలబెట్టారు. 1942లో బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం గారు తెలంగాణ స్త్రీని పెద్ద బొట్టుతో, గాజులతో, గాఢమైన ఎరుపు పసుపు పచ్చ చీరలతో, దాదాపు చిత్రమంతా నిండిపోయేలా దగ్గరగా చూపించారు. 1940లో మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారు ఎచింగ్ (లోహపు రేకు మీద గీతలను ఆమ్లంతో తొలిచి అచ్చు వేసే పద్ధతి) చేసిన సన్నని గీతల్లో మనిషి, మేక, చెట్టు, కోరిక అన్నీ ఒకదానిలో ఒకటి పెనవేసుకున్న పల్లెను చూపించారు. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ముగ్గురి ఊళ్లూ ఒకదానికొకటి పెద్ద దూరం కావు, ముగ్గురూ చూసిన జనమూ ఒకటే. పైగా వైకుంఠం, లక్ష్మాగౌడ్ గార్లు ఇద్దరూ హైదరాబాద్ కళాశాలలో చదివి, తరువాత బరోడాలో ఒకే గురువు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నవారు. అయినా వారి చిత్రాలను తారుమారు చేసి చెప్పడం పసివాడికి కూడా సాధ్యం కాదు. ఒకరికి పల్లె అంటే రంగు, మరొకరికి గీత. ఒకే నేల, ఒకే గురువు ఉన్నా ఇద్దరు ఇంత వేరుగా ఎదిగారంటే, పెద్ద చిత్రకారులను శ్రద్ధగా చదివినందువల్ల మీ ముద్ర పోతుందన్న భయం పెట్టుకోనక్కరలేదు. శ్రద్ధగా చదవకుండా పైపై రూపాన్ని ఎత్తుకున్నప్పుడే ఆ ప్రమాదం. పెద్ద బొట్టు, ముక్కుపుడక, నిండు రంగు చీర వేసేస్తే వైకుంఠం గారి చిత్రం అయిపోతుందనుకుని బజారులో అమ్ముడుపోతున్న బొమ్మలు మీరు చూసే ఉంటారు. ఆయన రంగుల్లోకి రాకముందు చాలాకాలం బొగ్గుతో గీశారన్న సంగతి, ఊళ్లలో ఆడవేషాలు కట్టే మగ కళాకారులను చిన్ననాడు చూసిన ముచ్చట ఆయన స్త్రీ రూపాలకు మూలాల్లో ఒకటన్న సంగతి ఆ బొమ్మలు వేసేవారికి పట్టదు. మీరు ఆ బొగ్గు గీతలను వెతికి చూడండి.

మీకు దగ్గరలోనే ఉన్న చేర్యాలకు తప్పక వెళ్లండి. బట్టకు చింతగింజల అంబలి, తెల్ల సుద్ద, జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద కథను అడ్డవరుసల్లో చెప్పుకుపోయే నకాషీ పటాలు పల్లె కులాల పురాణాలను చెప్పడానికి పుట్టినవి. అక్కడ గమనించవలసింది అలంకారం కాదు, కథనం: ఒకే మనిషి ఒకే పటంలో మళ్లీ మళ్లీ కనిపిస్తూ కాలం ఎలా గడుస్తుందో చూడండి. నాటు నుంచి నూర్పిడి దాకా ఒక పంట కథను మీరు నలుగురూ కలిసి ఒకే పొడవాటి పటంగా వేయవచ్చన్న ఆలోచన నాకు ఎంతో ఇష్టం.

కలిసి పనిచేయడం మన చిత్రకళకు కొత్త కాదు. వంద సంవత్సరాల క్రితం రాజమహేంద్రవరంలో ఆంగ్ల అధ్యాపకుడు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం వంటివారు చిత్రకళలోకి వచ్చారు. బొంబాయిలో చదివి వచ్చిన రామారావు ఊళ్లో చిత్రకళాశాల నెలకొల్పి, 1925లో మశూచితో, ముప్పై ఏళ్లయినా నిండకుండానే పోయారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రాలు వేసేవారు. ఆయన పోయిన తరువాత ఆ పనిని మిత్రుడు వెంకటరత్నం నిలబెట్టారు, చిత్రాలు ఈనాటికీ రాజమహేంద్రవరం చిత్రశాలలో ఉన్నాయి. తోటివారు లేకపోతే ఆ కొద్ది ఏళ్ల కృషి మనదాకా వచ్చేదేనా అని నేను చాలాసార్లు ఆలోచిస్తాను.

ఇంతా చూసిన తరువాత పొలానికి వెళ్లాలి. పని జరిగే వేళకే వెళ్లాలి, సాయంత్రపు వెలుగు బాగుంటుందని కాదు. మీలో ఎవరైనా వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవారు ఉంటే వారి మాటకు ఎక్కువ విలువ ఇవ్వండి, వారు చిత్రకారులు కాకపోయినా వెంట తీసుకుపోండి. నాట్లు వేసేవారు ఎడమచేతిలో నారు కట్ట పట్టుకుని వెనక్కి అడుగులు వేస్తూ నాటుతారు. పట్నంలో కూర్చుని వేసిన బొమ్మల్లో చాలామంది నాటిన మొక్కలను తొక్కుకుంటూ ముందుకు నడుస్తున్నట్టు కనిపిస్తారు. అలాంటి తప్పును పొలం ఎరిగినవారు ఒక్క క్షణంలో పట్టుకుంటారు. అంతకంటే ముఖ్యమైనది, ఈనాటి పల్లెనే చూడండి. నడుముకు కట్టిన ఒడిలో పత్తి ఏరుకునే స్త్రీలు, ఆటోలో కిక్కిరిసి కూలికి వెళ్లే గుంపు, ఉపాధి హామీ పనిలో చెరువు మట్టి మోసేవారు, కేజ్ వీల్స్ అనే ఇనుప చక్రాలతో మడి దున్నే ట్రాక్టరు, వరికోత యంత్రం వెనుక దుమ్ములో నిలబడ్డ రైతు, కల్లంలో ఆరబోసిన మిర్చి ఎరుపు మధ్య తాలుకాయలు ఏరుతున్న చేతులు: వీటిలో దేన్నీ క్యాలెండరు ముట్టుకోలేదు. మిలే తన కాలపు కూలీలను చిత్రించాడు, తన తాతల కాలాన్ని కాదు. మనం మాత్రం పల్లె అనగానే మోటబావి దగ్గరికే ఎందుకు పరుగెత్తాలి?

మనుషుల పట్ల మర్యాద గురించి ఒక్క మాట. గట్టుమీదికి వెళ్లగానే స్కెచ్‌బుక్కులు తెరవకండి. ఎవరి పొలమో తెలుసుకుని, అక్కడి పెద్దమనిషినో మేస్త్రీనో పలకరించి, వచ్చిన పని చెప్పండి. వద్దన్నవారిని గీయకండి. గీసిన బొమ్మను వారికి చూపించండి, పని మాన్పించి కూర్చోబెట్టుకుంటే ఆ పూట కూలి ఇవ్వండి. బొమ్మ చూసి వారు చెప్పే మాటను రాసుకోండి: కొడవలి పట్టుకున్న తీరు తప్పని ఒక కూలీ చెప్పిన దిద్దుబాటు ఏ విమర్శకుడి వ్యాసంలోనూ దొరకదు.

ఇంటికి వచ్చిన తరువాత ఆ గీతలను వెంటనే చిత్రంగా మార్చవద్దు. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1937లో దక్షిణాది యాత్ర ముగించుకుని సిమ్లా చేరిన తరువాతే ఆ యాత్రలో చూసిన మనుషులను పెద్ద కాన్వాసుల మీదికి తెచ్చింది. అంతకు ముందు చూసిన అజంతా కూడా ఆ చిత్రాల్లో కలిసిపోయింది. ఒక వారం ఆగి, స్కెచ్‌బుక్కు మూసి, గుర్తున్న ఒక్క భంగిమనే తీసుకోండి. దానితో ఏ పెద్ద చిత్రకారుడి చిక్కు పోలుతుందో బృందంలో మాట్లాడుకుని, అప్పుడు కూర్పు మొదలుపెట్టండి.

మొదటి ఆదివారానికి కావలసినవి తక్కువే. పరిగె చిత్రం ఇంచుమించు 84 సెంటీమీటర్ల ఎత్తు, 112 సెంటీమీటర్ల వెడల్పు. బంగాళాదుంపల చిత్రం 82, 114. రెండూ దాదాపు ఒకే కొలత కాబట్టి గోడమీద సుద్దతో ఆ దీర్ఘచతురస్రాన్ని ఒకసారి గీసి పెట్టుకుంటే ఫోను తెరమీద చూసి మరిచిపోయే అసలు పరిమాణం కళ్ల ముందు ఉంటుంది. పారిస్‌లోని ఓర్సే, ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో ప్రదర్శనశాలల వెబ్‌సైట్లలో స్పష్టమైన ప్రతులు ఉన్నాయి, వాటిని పెద్దగా ముద్రించుకోండి. రంగులు తేవద్దు. బొగ్గు, చవకరకం కాగితం, గడియారం చాలు. ముందు పావుగంట మౌనం, తరువాత జ్ఞాపకం నుంచి గీత, ఆ తరువాత కాగితాలన్నీ నేలమీద పరచి మాటలు. ఆ పూట ఎవరి కాగితంలో గుర్రం మీది మనిషి లేడో చూసి, తరువాతి ఆదివారం చిత్రాన్ని ఎంపిక చేసే బాధ్యత వారికి అప్పగించండి.